ప్రకృతి వైద్య తత్త్వాన్నీ వృత్తి అభ్యాసాన్నీ కలిపి చదవడం ఎలా?

జిజ్ఞాసువు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ప్రకృతి వైద్య కోర్సులో మొదటి సంవత్సరం చదువుతున్నాను. శరీర నిర్మాణ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం ఎంత కష్టమైనా వాటిలో తప్పొప్పులు తేల్చే కొలమానం ఒకటి ఉంటుంది కనుక వాటిని ఎలా చదవాలన్న సందేహం నాకు లేదు. ‘తత్త్వం, వృత్తి అభ్యాసం’ అనే పేపరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎటు నుంచి మొదలుపెట్టాలో తోచడం లేదు.

ప్రకృతికున్న స్వస్థపరిచే శక్తి, మూలకారణానికి చికిత్స, హాని చేయకపోవడం, వైద్యుడు బోధకుడిగా ఉండడం, మనిషిని సమగ్రంగా చూడడం, రోగనివారణ అనే ఆరు మూలసూత్రాలూ ఒక్క పూటలో కంఠతా వచ్చేశాయి. వాటిని వివరించమంటే రెండు పేజీలు నింపగలను గానీ, అందులో ఏ ఒక్క వాక్యాన్ని పట్టుకొని ఎవరైనా ‘ఎందుకు?’ అని అడిగినా జవాబు చెప్పలేను. స్వస్థపరిచే శక్తి అనేది పరీక్షించి చూడదగిన విషయమా, లేక నమ్మకమా అన్నదానిపై మా తరగతిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇక పేపరు రెండో సగంలో ఉన్న రోగి సమ్మతి, కేసు రికార్డు, ఇతర వైద్యుల దగ్గరకు పంపడం వంటి అంశాలకూ మొదటి సగంలోని తత్త్వానికీ సంబంధమేమిటో బోధపడలేదు. రెండింటినీ ఒకే పేపరులో ఎందుకు పెట్టారు? ఎలా చదివితే ఇది కంఠస్థం స్థాయిని దాటుతుంది?

తొట్టిస్నానం:

జిజ్ఞాసువు గారూ, ఈ పేపరును కొన్నేళ్లుగా బోధిస్తున్నవాణ్ణి కనుక కాస్త విపులంగా రాస్తున్నాను.

ముందుగా ఆ ఆరు సూత్రాల వయసు ఎంతో చూడండి. అవన్నీ ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు నోటి నుంచి వరుసగా వెలువడినట్టు చాలా నోట్సులలో కనిపిస్తుంది. ఆయన పేరిట నిలిచిన గ్రంథ సముదాయంలో ప్రకృతే రోగాన్ని మాన్పుతుందన్న భావమూ, వైద్యుడు మేలు చేయాలి లేదా కనీసం కీడు చేయకుండా ఉండాలన్న హితవూ ఉన్నమాట నిజమే. అయితే ఆరింటినీ ఒకచోట కూర్చి వృత్తికి నిర్వచనంగా ఆమోదించినది 1989లో, అమెరికాలోని ప్రకృతి వైద్యుల జాతీయ సంఘం. ఈ రెండింటి మధ్యా పందొమ్మిదో శతాబ్దపు జలచికిత్సకుల పరంపర ఉంది. నేటి చెక్ దేశంలోని గ్రాఫెన్‌బర్గ్‌లో చన్నీటి చికిత్స నడిపిన విన్సెంజ్ ప్రీస్‌నిట్జ్ వైద్యం చదువుకోని రైతు బిడ్డ. జర్మనీలోని వోరిస్‌హోఫెన్‌లో నీటి చికిత్సకు పేరు తెచ్చిన సెబాస్టియన్ క్నైప్ క్రైస్తవ మతగురువు. లైప్‌జిగ్‌లో తొట్టిస్నానాలను ప్రచారం చేసిన లూయీ కూనే, రోగాలన్నీ నిజానికి ఒకటేననీ, శరీరంలో పేరుకున్న మలిన పదార్థమే వాటికి మూలమనీ వాదించాడు. బెనెడిక్ట్ లస్ట్ ఈ ధోరణిని అమెరికాకు తీసుకువెళ్లి, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో పాఠశాల పెట్టాడు. షికాగోలో హెన్రీ లిండ్లార్, తీవ్రరోగమంటే శరీరం తనను తాను శుభ్రపరచుకునే ప్రయత్నమన్న సిద్ధాంతాన్ని బలంగా ప్రతిపాదించాడు.

వీరి పేర్లూ సంవత్సరాలూ వల్లె వేయడం వల్ల ఒరిగేది తక్కువ. వీరు చెప్పినవాటిలో ఏది నిలిచింది, ఏది రాలిపోయింది, రాలిపోయినదాన్ని వృత్తి ఎప్పుడు, ఏ కారణంతో వదులుకుంది అని అడుగుతూ చదవండి. కూనే చెప్పిన ఏకరోగ సిద్ధాంతాన్నే తీసుకుంటే, క్షయకు బాసిల్లస్ కారణమనీ, మొదటి రకం మధుమేహానికి ఇన్సులిన్ లేమి కారణమనీ తేలిన తర్వాత దానిని అక్షరాలా పట్టుకొని వైద్యం చేయడం సాధ్యం కాదు. కూనే తొట్టిస్నానం మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. సిద్ధాంతం పడిపోయాక కూడా చికిత్స నిలిచిందంటే, దానిని ఇక వేరే ఆధారంతో సమర్థించవలసి ఉంటుంది. ఆ ఆధారం దొరికిందా లేదా అన్నది మీ పరీక్షకు మంచి ప్రశ్న.

1989 నిర్వచనం వెనుక ఒక అవసరం కూడా ఉంది. 1910 తర్వాత అమెరికాలో వైద్య విద్యను కట్టుదిట్టం చేయడంతో ప్రత్యామ్నాయ వైద్య పాఠశాలలు చాలావరకు మూతపడ్డాయి. ప్రకృతి వైద్యానికి పోర్ట్‌ల్యాండ్‌లో 1956లో ఒక జాతీయ కళాశాల ఏర్పడింది. సియాటిల్‌లో నేటి బాస్టిర్ విశ్వవిద్యాలయం 1978లో మొదలైంది. కళాశాలలకు గుర్తింపునిచ్చే మండలి కూడా అదే ఏడు పుట్టింది. మళ్లీ నిలదొక్కుకుంటున్న వృత్తి తానేమిటో చట్టసభలకూ తనకూ చెప్పుకోవలసి వచ్చినప్పుడు రాసుకున్న వాక్యాలవి. వాటిని వేదవాక్యాల్లా కాక ఒక వృత్తి తన మీద తాను పెట్టుకున్న షరతులుగా చదివితే, మీరు అడిగిన ‘ఎందుకు?’కు జవాబు దొరకడం మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. ఆరు సూత్రాలు ఎప్పుడూ ఒకే వైపు లాగవు. ఒక కేసు చూడండి. యాభై అయిదేళ్ల పురుషుడు నాలుగు నెలలుగా నీరసంగా ఉందని వస్తాడు. హిమోగ్లోబిన్ తక్కువ, శరీరంలోని ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ ఇంకా తక్కువ; అంటే ఇనుము లోపం. ఆహారం సరిచేసి ఇనుము ఇస్తే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నీరసం తగ్గుతుంది, రోగి సంతోషిస్తాడు. చికిత్స సున్నితమైనదే, సహజమైనదే. అయితే ఆ వయసు పురుషుడిలో ఇనుము ఎటు పోతోంది? పెద్దపేగులో నెమ్మదిగా రక్తం కారే కణితికి బయటికి కనిపించే గుర్తు కొన్నిసార్లు అదొక్కటే. కారణం వెతకకుండా ఇనుము ఇచ్చిన వైద్యుడు ఆ ఒక్క గుర్తునూ చెరిపేసినట్టే. కాబట్టి ఇక్కడ మూలకారణానికి చికిత్స చేయడమంటే అతణ్ణి జీర్ణకోశ నిపుణుడి దగ్గరకు, ఎండోస్కోపీకి పంపడమే. మీ పేపరు రెండో సగంలోని ‘ఇతర వైద్యుల దగ్గరకు పంపడం’ అన్న అధ్యాయం మొదటి సగంలోని రెండో సూత్రం నుంచే పుట్టింది.

చికిత్సా క్రమాన్ని కూడా ఈ దృష్టితోనే చదవాలి. 1997లో ప్రకృతి వైద్యుడు జారెడ్ జెఫ్ రాసిన వ్యాసంతో మొదలై, తర్వాత పమేలా స్నైడర్ వంటివారితో కలిసి విస్తరించిన ఈ క్రమం, ఆరోగ్యానికి అడ్డుపడే పరిస్థితులను తొలగించడంతో ఆరంభమై, శరీరపు స్వీయ స్వస్థతను ప్రేరేపించడం, బలహీనపడిన అవయవ వ్యవస్థలకు ఊతమివ్వడం, నిర్మాణపరమైన లోపాలు సరిదిద్దడం, సహజ పదార్థాలతో రోగాన్ని ఎదుర్కోవడం, మందులు, చివరకు శస్త్రచికిత్స అనే దిశలో సాగుతుంది. ఇది ఎంత బలమైన జోక్యం అవసరమన్న ఆలోచనకు వరుసే తప్ప, ప్రతి రోగీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలన్న నియమం కాదు. అపెండిక్స్ చిట్లినవాడికి మొదటి మెట్టే శస్త్రచికిత్స. ఈ మాట రాయని జవాబుకు నేనైతే సగం మార్కులు కోసేస్తాను.

శరీరధర్మం:

నేను ప్రకృతి వైద్యుణ్ణి కాను. శరీర ధర్మ శాస్త్రం చెబుతాను. స్వస్థపరిచే శక్తి నమ్మకమా, శాస్త్రమా అన్నదానికే పరిమితమవుతాను.

మీ తరగతిలోని రెండు పక్షాలూ రెండు వేర్వేరు వాదాలను ఒకటిగా భావించి పోట్లాడుకుంటున్నాయని నా అనుమానం. శరీరం చాలా సందర్భాల్లో తనను తాను బాగుచేసుకుంటుందన్నది మొదటి వాదం. ఇది రోజూ చూసే విషయం: తెగిన చోట రక్తం గడ్డకట్టి, వాపు వచ్చి, కొత్త కణజాలం పుట్టి, మచ్చగా గట్టిపడుతుంది; విరిగిన ఎముక అతుక్కుంటుంది. దీనిని కొలవవచ్చు, అంచనా వేయవచ్చు, అంచనా తప్పితే ఒప్పుకోవచ్చు. శరీరంలో ఒక ప్రత్యేకమైన జీవశక్తి ఉండి, అది ఎల్లప్పుడూ మేలు వైపే నడిపిస్తుందన్నది రెండో వాదం. జీవుల శరీరంలోనే తయారవుతుందనుకున్న యూరియాను 1828లో రసాయన శాస్త్రవేత్త వోలర్ ప్రయోగశాలలో తయారుచేసిన నాటి నుంచి ఈ వాదానికి చోటు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. ఆ ఒక్క ప్రయోగంతోనే అది అంతమైందనడం మాత్రం పాఠ్యపుస్తకాల అతిశయోక్తి. శరీరం లోపలి ద్రవాల స్థితి నిలకడగా ఉంటుందన్న ‘అంతర పర్యావరణం’ భావనను క్లాడ్ బెర్నార్డ్ తెచ్చాడు. ఆ నిలకడను కాపాడుకునే తీరుకు వాల్టర్ కానన్ 1920లలో హోమియోస్టాసిస్ అన్న పేరు పెట్టాడు. జీవశక్తితో వివరించదలచినదాన్ని నాడులు, హార్మోన్లు, వాటి మధ్య నడిచే తిరుగు సంకేతాలతో వివరించడం అప్పటి నుంచి సాధ్యమైంది.

మొదటి వాదానికి కూడా ఒక హద్దు గుర్తుంచుకోవాలి. మరమ్మతు ఎప్పుడూ మేలే చేయదు. కాలేయంలో గాయం పదేపదే మానుతూ పేరుకున్న నారకణజాలమే సిర్రోసిస్. అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీలో ప్రాణం తీసేది శరీరపు సొంత స్పందనే. జ్వరం సంగతీ అంతే. మెదడులోని హైపోథాలమస్ ఉష్ణోగ్రత మట్టాన్ని కావాలనే పెంచుతుంది, అది రోగనిరోధక కణాలకు కొంత ఉపకరిస్తుంది కూడా. ఆ మేరకు లిండ్లార్ ఊహలో ఒక నిజం ఉంది. అయినా మూడు నెలలు నిండని శిశువుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే అది శుద్ధి ప్రక్రియ అని వేచి చూసేవాడు వైద్యుడే కాడు. ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. స్పందన సహజమైనదన్నంత మాత్రాన దాని వెనుక ఉన్న కారణం ప్రమాదరహితమని కాదు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ‘స్వస్థతా సంక్షోభం’ అన్న భావన. చికిత్స మొదలుపెట్టాక రోగికి తగ్గితే చికిత్స పనిచేసిందంటారు. ఎక్కువైతే విషాలు బయటికి వస్తున్నాయి, అదీ మంచిదే అంటారు. ఏ ఫలితం వచ్చినా నెగ్గే వాదం నిజానికి ఏమీ చెప్పదు. దీనికి నేను విద్యార్థులకు చెప్పే మార్గం ఒకటే: చికిత్స మొదలుపెట్టే ముందే, ఏ లక్షణం ఎంత కాలంలో ఎంత తగ్గకపోతే ఈ చికిత్స విఫలమైనట్టు ఒప్పుకుంటామో కేసు షీటులో రాయాలి. పైగా చాలా బాధలు వాటంతటవే తగ్గుతాయి. దీర్ఘకాల నడుము నొప్పి ఉన్నవాళ్లు నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడే వైద్యుడి దగ్గరకు వస్తారు కాబట్టి, ఆ తర్వాత ఏమి చేసినా చేయకపోయినా కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదలను మన ఖాతాలో వేసుకోకుండా ఉండడానికే పోల్చిచూసే పరిశోధనలు అవసరమయ్యాయి.

కేసుషీటు:

చర్చ చాలా బాగా సాగుతోంది. ఇంటర్న్‌షిప్ ముగించి అభ్యాసంలోకి వచ్చినదాన్ని కనుక రెండో సగం గురించి రాస్తాను. శరీరధర్మం గారు చెప్పిన ‘ముందే రాయడం’ మా రంగంలో నిజంగా పనికొచ్చే సలహా, అయితే ఆచరణలో జరిగేది తక్కువ.

హాని చేయకపోవడమన్న సూత్రం కేసు షీటులో ఎలా కనిపిస్తుందో చెబుతాను. వేడినీటి పాదస్నానం కన్నా నిరపాయకరమైన చికిత్స ఉండదని ఎవరైనా అనుకుంటారు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ పోయినవారికి అదే కాలిన గాయమై, పుండై, వేలు తీసేసే దాకా వెళ్లవచ్చు. నీరు ఎంత వేడిగా ఉందో ఆ పాదాలకు తెలియదు మరి. అందుకే మధుమేహం ఉందని చెప్పిన ప్రతి రోగికీ 10 గ్రాముల మోనోఫిలమెంటుతో (స్పర్శను పరీక్షించే సన్నని నైలాన్ దారంతో) పాదాలను పరీక్షించి, స్పర్శ ఉన్న చోట్లూ లేని చోట్లూ బొమ్మ మీద గుర్తుపెట్టి, నీటి ఉష్ణోగ్రతను థర్మామీటరుతో కొలిచి రాసిన తర్వాతే చికిత్స గదిలోకి పంపాలి. ఈ పనికి రెండు మూడు నిమిషాలు చాలు. తత్త్వం చదివిన విద్యార్థికీ, కంఠస్థం చేసిన విద్యార్థికీ తేడా నాకు ఆ రెండు నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

మూలికల విషయంలో కూడా ‘సహజం’ అన్న మాట మీద ఆనుకోకూడదు. తేలికపాటి కుంగుబాటుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ కాలేయంలోని కొన్ని ఎంజైములను చురుకుచేసి, గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ వంటి మందులు రక్తంలో ఉండవలసిన స్థాయికన్నా తగ్గిపోయేలా చేస్తుంది. అవయవ మార్పిడి జరిగిన రోగిలో సైక్లోస్పోరిన్ తగ్గితే అవయవమే తిరస్కరణకు గురికావచ్చు. కాబట్టి రోగి వాడుతున్న ప్రతి మందు పేరూ మోతాదూ మందుల చీటీ చూసి రాసుకోవాలి. ‘బీపీ మాత్ర ఏదో వేసుకుంటున్నాను’ అన్నది చరిత్ర సేకరణ కాదు. తాను రాసిన మూలికలను తానే అమ్మే వైద్యుడి విషయంలో ఆర్థిక స్వార్థం గురించి రోగికి చెప్పడమూ, వేరే చోట కొనుక్కోవచ్చని స్పష్టం చేయడమూ సమ్మతిలో భాగమే. దీని మీద తరగతిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు, మాట్లాడాలి.

బిరుదుల సంగతి కూడా ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ప్రచురించిన శిక్షణ ప్రమాణాలు కనీసం 1500 గంటల చదువునూ, అందులో 400 గంటల పర్యవేక్షిత క్లినికల్ శిక్షణనూ సూచిస్తాయి. ఉత్తర అమెరికాలో వైద్యుల స్థాయి కోర్సులకు కావలసినది కనీసం 4100 గంటలు, అందులో 1200 క్లినికల్. జర్మనీలో డాక్టరు పట్టా లేని చికిత్సకులకు అనుమతినిచ్చే 1939 నాటి చట్టం ఒక పరీక్ష పెడుతుందే తప్ప నిర్ణీత కోర్సు చదవాలనదు. ఒకే పేరు కింద ఇంత తేడా ఉన్నప్పుడు, మీరు ఏమి చదివారో, మీకు చట్టం ఏమి చేయనిస్తుందో రోగికి మొదటి సందర్శనలోనే తెలియాలి. మీరు ఎక్కడ అభ్యాసం చేసినా ఆ చోటి చట్టం చదవడం ఈ పేపరులో భాగమనుకోండి.

జిజ్ఞాసువు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పేపరులోని రెండు సగాలకూ సంబంధమేమిటో ఇనుము లోపం కేసుతో స్పష్టమైంది. ఇంకొక్క సందేహం. ఉపవాస చికిత్సను మాకు మొదటి, రెండో మెట్లలోని సున్నిత చికిత్సగా చెప్పారు. మధుమేహ రోగి తానే వచ్చి, మందులు మానేసి ఉపవాసం చేయిస్తారా అని అడిగితే, మనిషి ఇష్టాన్ని గౌరవించాలన్న మాటకూ, హాని చేయకూడదన్న మాటకూ మధ్య ఎలా నిర్ణయించాలి? వద్దంటే వినక, ఇంకెవరి దగ్గరకో పోతానంటే?

తొట్టిస్నానం:

మెట్టు అనేది చికిత్సకు పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఎవరికి చేస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. ఇతర జబ్బులు లేని వ్యక్తికి ఒక పూట ఉపవాసం సున్నితమే. ఇన్సులిన్ స్రావాన్ని పెంచే గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర వేసుకుంటున్నవారికి అదే పూట చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ తరహా మందు వాడుతున్నవారికి ఉపవాసంలో రక్తంలో చక్కెర అంత ఎక్కువగా లేకుండానే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవడం) రావచ్చు. గ్లూకోమీటరు మామూలు అంకె చూపిస్తుంటే లోపల ప్రమాదం ముదురుతుంటుంది. మొదటి రకం మధుమేహంలో ఇన్సులిన్ ఆపడమన్న ప్రశ్నే లేదు, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ‘మధుమేహ రోగి’ అన్న మాట చాలదు. ఏ రకం, ఏ మందు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని తేలేదాకా మీ ప్రశ్నకు జవాబే లేదు.

కేసుషీటు:

రోగి ఇష్టం గురించి. చికిత్స వద్దనే హక్కు రోగికి పూర్తిగా ఉంది. తాను కోరిన చికిత్సను వైద్యుడి చేత చేయించుకునే హక్కు మాత్రం లేదు. ఈ రెండూ వేరని గుర్తుంటే సగం గందరగోళం తీరుతుంది. మందు ఆపే నిర్ణయం ఆ మందు రాసిన వైద్యుడిది; మీ పాత్ర ఆయనతో మాట్లాడడం.

రోగి మందు ఎందుకు మానాలనుకుంటున్నాడో ముందు అడగండి. తరచూ అసలు కారణం దుష్ఫలితమో, ఖర్చో, భయమో అయి ఉంటుంది. దానికి ఉపవాసం కన్నా తేలికైన పరిష్కారం ఉండవచ్చు. అప్పటికీ వినకపోతే, ఏ ప్రమాదం చెప్పారో, రోగి ఏమన్నాడో అతని మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాయండి. చెమటలు, వణుకు, వాంతులు, ఊపిరి వేగం పెరగడం వంటి ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో కాగితం మీద రాసి చేతికివ్వండి. మళ్లీ ఎప్పుడైనా రావచ్చని చెప్పండి. మందు రాసిన వైద్యుడికి, రోగి అనుమతితో, రోగి ఉద్దేశమూ, వాడుతున్న మందులూ, తాజా రక్తపరీక్షల అంకెలూ ఉన్న చిన్న ఉత్తరం పంపండి. అనుమతి ఇవ్వకపోతే ఆ సంగతి కూడా రాయాలి. ఉత్తరం నకలు ఫైలులో ఉండాలి, ఆయన నుంచి వచ్చిన జవాబు దాని వెనకే ఉండాలి.